పిల్లల ఇన్ఫెక్షన్ల డాక్టరు కావాలంటే: దారి, శిక్షణ, ఉద్యోగం

ప్రభుత్వ వైద్య కళాశాలలో పీడియాట్రిక్స్ ఎండీ రెండో ఏడాది చదువుతున్న ఒక డాక్టరు అడిగిన ప్రశ్న ఇది. ఇన్ఫెక్షన్ కేసులంటే ఆయనకి ఇష్టం. ప్రొఫెసర్లేమో నియోనేటాలజీ (నవజాత శిశువుల వైద్యం) గానీ పిల్లల ఐసీయూ గానీ తీసుకోమంటున్నారు. ఇంట్లోవాళ్ళు "అందులో సంపాదన ఏముంటుంది, పైగా ఇంటికి జబ్బులు మోసుకొస్తావు" అంటున్నారు. దారి ఏమిటి, ఎన్నేళ్ళు పడుతుంది, ఉద్యోగాలు ఉంటాయా, అమెరికా వెళ్ళక తప్పదా అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా హైదరాబాదులో ఈ పనే చేస్తున్నాను. కాస్త పొడవైనా అన్నిటికీ జవాబు చెబుతాను.

ముందు ఈ పని ఎలా ఉంటుందో తెలుసుకోండి. డిగ్రీ సంగతి తర్వాత. ఇన్ఫెక్షన్ల డాక్టరంటే ఖరీదైన యాంటీబయాటిక్స్ రాసే మనిషి అని చాలామంది డాక్టర్లే అనుకుంటారు. నన్ను పిలిచే కేసుల్లో సగానికి సగం నేను చేసేది మందు ఆపించడమో, తగ్గించడమో. మందు మొదలుపెట్టడం ఎవరైనా చేస్తారు. బిడ్డకి జ్వరం ఉండగా, తల్లిదండ్రులు టెన్షన్‌తో ఎదురుగా నిలబడి ఉండగా "ఇది అవసరం లేదు" అని చెప్పి ఆ మాట మీద నిలబడాలంటే చాలా తెలిసుండాలి. ఈ శాఖలో శిక్షణంతా ఆ ధైర్యానికి ఆధారం సంపాదించుకోవడానికే.

ఒక కేసు చెబుతాను. ఎనిమిది నెలల పాప, గుండె ఆపరేషన్ అయి ఐదో రోజు, ఐసీయూలో జ్వరం. మెరోపెనెం అనే బలమైన యాంటీబయాటిక్ మొదలైంది. రెండు రోజులకి వాంకోమైసిన్ చేరింది. ఎందుకైనా మంచిదని కోలిస్టిన్ కూడా పెట్టారు. అంతలో బ్లడ్ కల్చర్‌లో (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షలో) స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ పెరిగిందని రిపోర్టు వచ్చింది. నేను వెళ్ళి ముందు అడిగినవి నాలుగు ప్రశ్నలు. రెండు సీసాల్లో పెరిగిందా, ఒక్కదాంట్లోనా? ఎన్ని గంటలకి పెరిగింది? రక్తం చేతి నరం నుంచి తీశారా, సెంట్రల్ లైన్ (పెద్ద నరంలో పెట్టి ఉంచిన గొట్టం) నుంచి తీశారా? తీసినవాళ్ళు ఎవరు, ఏ హడావిడిలో తీశారు? ఒక్క సీసాలోనే, అదీ ఒక రోజు దాటాక పెరిగింది. లైన్ నుంచి మిగతా పరీక్షల రక్తంతో పాటు తీశారు. ఆ క్రిమి మన చర్మం మీద ఎప్పుడూ ఉండేదే, అంటే రక్తం తీసేటప్పుడు సీసాలోకి చేరినట్టే. పాప పాలు అరిగించుకుంటోంది, రక్తంలో వాపుని చూపే సీఆర్‌పీ తగ్గుతోంది, ముక్కు మాత్రం కారుతోంది. ఆ ముక్కు గురించి ఎవరూ రాయలేదు. స్వాబ్ పంపిస్తే ఆర్‌ఎస్‌వీ అనే జలుబు వైరస్ వచ్చింది. వాళ్ళ అన్నకి ఇంట్లో నాలుగు రోజులుగా జలుబు.

మూడు మందులూ ఆపేద్దామన్నాను. సర్జన్ అడిగిన మాట సహజమైనదే: "మేడమ్, రేపు ఏమైనా అయితే?" చేతి నుంచి మళ్ళీ కల్చర్ తీద్దాం, 48 గంటలు చూద్దాం, పొద్దునా సాయంత్రం నేనే వచ్చి చూస్తాను అని చెప్పాను. పాప కోలుకుంది. ఇలాంటి చోట ఎవరు ఎక్కువ చదువుకున్నారన్న వాదన ఎందుకూ పనికిరాదు. సర్జన్‌కి కావలసింది బాధ్యతలో సగం మోసే మనిషి. ఫోన్లో చెప్పి వదిలేసే ఇన్ఫెక్షన్ల డాక్టరు మాట ఎవరూ వినరు, వినకూడదు కూడా.

ఇప్పుడు దారి. ఎంబీబీఎస్ నాలుగున్నర ఏళ్ళు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది, ఎండీ లేదా డీఎన్‌బీ పీడియాట్రిక్స్ మూడేళ్ళు. ఇక్కడి దాకా అందరిదీ ఒకటే దారి. ఆ తర్వాత మన దేశంలో దారి ఇరుకైపోతుంది. ఇన్ఫెక్షియస్ డిసీజెస్‌లో డీఎం (ఎండీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) మూడేళ్ళు. ఢిల్లీ ఎయిమ్స్, వెల్లూరు సీఎంసీ లాంటి చోట్ల ఉంది. నేషనల్ బోర్డు కింద డాక్టరేట్ ఎన్‌బీ కూడా మూడేళ్ళే. ఎయిమ్స్, పీజీఐ లాంటి సంస్థలకి ఐఎన్‌ఐ-ఎస్‌ఎస్ పరీక్ష, మిగతావాటికి నీట్-ఎస్‌ఎస్. ఈ సీట్లలో ఎక్కువ భాగం జనరల్ మెడిసిన్ చేసినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని నడుస్తాయి. పిల్లల ఎండీ వాళ్ళకి ఏ సీటుకి అర్హత ఉందో ఆ ఏడాది ఇన్ఫర్మేషన్ బులెటిన్ తెరిచి మీరే చదవండి, సీనియర్లు చెప్పారని వదిలేయకండి. డీఎంలో చేరితే పెద్దల వార్డుల్లోనూ పనిచేయాలి. దానివల్ల నష్టం లేదు. అవయవ మార్పిడి రోగులు, ఫంగస్ ఇన్ఫెక్షన్లు, హెచ్ఐవీ, మొండి క్షయ అక్కడ చూసినంతగా పిల్లల వార్డులో చూడలేరు.

రెండో దారి ఫెలోషిప్. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌కి చెందిన ఇన్ఫెక్షియస్ డిసీజెస్ చాప్టర్ కొన్ని ఆసుపత్రుల్లో పిల్లల ఇన్ఫెక్షన్లకే ప్రత్యేకంగా శిక్షణ ఇస్తుంది. పిల్లల జబ్బుల మీదే పూర్తిగా దృష్టి ఉంటుంది కాబట్టి పని నేర్చుకోవడానికి ఇది మంచిది. కానీ నేషనల్ మెడికల్ కమిషన్ దీన్ని సూపర్ స్పెషాలిటీ డిగ్రీగా లెక్కపెట్టదు. రేపు మెడికల్ కాలేజీలో సూపర్ స్పెషాలిటీ ఫ్యాకల్టీ పోస్టు కావాలనుకుంటే డీఎం దారే చూసుకోండి. ఆసుపత్రిలో కన్సల్టెంటుగా పనిచేయాలనుకుంటే ఫెలోషిప్ సరిపోతుంది. దానికి తోడు ఉద్యోగం చేసుకుంటూనే చదవడానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళ పీజీ డిప్లొమా ఒకటి ఉంది, పిల్లల ఇన్ఫెక్షన్ల మీదే. ఫీజు మనకి ఎక్కువే, స్కాలర్‌షిప్ దొరుకుతుందేమో ముందే కనుక్కోండి.

అయితే ఈ రెండింటికన్నా ముఖ్యమైనది మీ చేతిలో ఇప్పుడే ఉంది. మీరున్న ప్రభుత్వ ఆసుపత్రి. ఎండీలో మిగిలిన సమయంలో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పోస్టింగ్ అడిగి వేయించుకోండి. రిపోర్టు కాగితం చూడటం వేరు, ప్లేటు మీద కాలనీ చూడటం వేరు. కల్చర్ సీసా మెషీన్‌లో మోగిన తర్వాత గ్రామ్ స్టెయిన్ (క్రిమికి రంగు వేసి మైక్రోస్కోపులో చూడటం) మొదటి గంటలోనే ఏం చెబుతుందో, పేరు తేలడానికి ఎంతసేపు పడుతుందో, ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి ఇంకెంత పడుతుందో ఆ టెక్నీషియన్ పక్కన నిలబడితేనే తెలుస్తుంది. నవజాత శిశువు నుంచి అర మిల్లీలీటరు కూడా తీయకుండా కల్చర్ నెగెటివ్ అని రాసుకుంటే ఆ నెగెటివ్‌కి విలువ లేదు. కనీసం ఒక మిల్లీలీటరు కావాలి. అదీ మొదటి డోసు యాంటీబయాటిక్ పడకముందే. నర్సులకి ఈ ఒక్కటి నేర్పించి చూడండి, మీ యూనిట్లో ఏ కొత్త మందూ తేలేనంత మార్పు వస్తుంది.

ల్యాబ్‌వాళ్ళతో స్నేహం చేసుకోమని నా దగ్గర శిక్షణకి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను. పది గంటలకి ల్యాబ్‌కి వెళ్ళి "ఈ పూట ఏం పెరిగాయి?" అని అడిగే డాక్టరుకి, సాయంత్రం రిపోర్టు కోసం ఎదురుచూసే డాక్టరు కంటే ఎనిమిది గంటలు ముందు విషయం తెలుస్తుంది. నెల తక్కువ బిడ్డకి క్లెబ్సియెల్లా సెప్సిస్ (ఆ క్రిమి రక్తంలోకి పాకడం) అయితే ఆ ఎనిమిది గంటలే బిడ్డ ప్రాణం.

ఇక పడక పక్కన నేర్చుకోవాల్సింది. మన జిల్లాల్లో కూర్చుని ఈ విద్య నేర్చుకునే అవకాశం బోస్టన్‌లో చదివేవాడికి రాదు. ఇది పొగడ్త కోసం అనడం లేదు. వాళ్ళు బొమ్మల్లో చూసే జబ్బులు మీ ఓపీకి నడిచి వస్తాయి.

స్క్రబ్ టైఫస్ తీసుకోండి. తొమ్మిది రోజుల జ్వరంతో ఆరేళ్ళ బాబు వస్తాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు పడ్డాయి, పట్నంలో వైడాల్ (టైఫాయిడ్ రక్తపరీక్ష) పాజిటివ్ అన్నారు, సెఫ్ట్రియాక్సోన్ ఐదు రోజులు నడిచింది. కాలేయం కాస్త పెరిగింది, ప్లేట్‌లెట్లు తగ్గాయి, ముఖం ఉబ్బింది. బట్టలన్నీ విప్పి చూడాలి. చంకలు, గజ్జలు, చెవి వెనక, నిక్కరు ఎలాస్టిక్ కింద, జుట్టు లోపల. ఒకచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు, నొప్పి ఉండదు, దురద ఉండదు. నొప్పి లేదు కాబట్టే పిల్లాడు చెప్పడు. నాయనమ్మ "చీమ కుట్టి మానిపోయిందమ్మా" అంటుంది. స్క్రబ్ టైఫస్‌ని అంటించే చిగ్గర్ మైట్ అనే చిన్న పురుగు కుట్టిన చోటు అది. డాక్సీసైక్లిన్ వేస్తే రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. పళ్ళు రంగు మారతాయని చిన్నపిల్లలకి ఈ మందు ఇవ్వడానికి మన దగ్గర ఇంకా జంకుతారు. ఆ భయం పాత టెట్రాసైక్లిన్ కాలంది. మూడు వారాల లోపు వాడే డాక్సీసైక్లిన్‌ని ఏ వయసు పిల్లలకైనా ఇవ్వవచ్చని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఒప్పుకుంది. ఈ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో నడిచిన లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చింది అది. డాక్సీసైక్లిన్ రాసినప్పుడల్లా ఆయన నాకు గుర్తొస్తారు. మన వైద్య విద్యార్థుల్లో ఆయన పేరు తెలియనివాళ్ళు ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

వైడాల్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఒక్కసారి చేసిన వైడాల్ పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చడం మానండి. మొదటి వారంలో బ్లడ్ కల్చర్ తీయండి. నిజంగా టైఫాయిడే అయి, సరైన మందే పడ్డా జ్వరం తగ్గడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. మూడో రోజుకే ఓపిక నశించి ఇంకో మందు, నాలుగో రోజుకి మరో మందు చేర్చడం నేను రోజూ చూస్తున్నాను. జబ్బు తీరు తెలిసినవాడే ఓపిక పట్టగలడు. డెంగీలో దీనికి తలకిందుల పరిస్థితి. జ్వరం తగ్గిందని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునే రోజే ప్రమాదం మొదలవుతుంది. ఆ రోజు ప్లేట్‌లెట్ల లెక్క కన్నా హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం) పెరుగుతోందా, మూత్రం వస్తోందా, కడుపు నొప్పి ఉందా, చేతులు చల్లబడ్డాయా అన్నవి చూడాలి. రక్తస్రావం లేని పిల్లలకి అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించమని తండ్రి పట్టుబడతాడు. అక్కడ కూర్చుని పావుగంట మాట్లాడటం కూడా ఈ శిక్షణలో భాగమే.

కంఠసర్పి (డిఫ్తీరియా) పోయిందనుకుంటారు. పోలేదు. హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి దాన్ని చూస్తూనే వచ్చింది. గొంతులో బూడిద రంగు పొర, తుడిస్తే రక్తం, మెడ వాచి ఎద్దు మెడలా కనిపించడం. దీన్ని ఒక్కసారి కళ్ళారా చూసినవాళ్ళు జీవితంలో మరిచిపోరు. ఇక్కడ కల్చర్ కోసం ఆగకూడదు. అనుమానం రాగానే యాంటీటాక్సిన్ ఇవ్వాలి. ఎందుకంటే ఆ సీరం రక్తంలో తిరిగే విషాన్నే పట్టుకోగలదు, గుండె కండరంలోకి దిగిపోయిన దాన్ని ఏమీ చేయలేదు. అది గుర్రం సీరం, కాబట్టి ముందు పరీక్ష డోసు వేసి చూడాలి. గొంతు బాగయ్యాక రెండో వారంలో గుండె లయ తప్పవచ్చు, కాబట్టి ఈసీజీలు మానకూడదు. ఇంట్లో మిగతా పిల్లలకి గొంతు స్వాబ్, మందు, టీకా. ఆ బిడ్డకి బూస్టర్ డోసులు ఎందుకు పడలేదో ఆశా కార్యకర్తతో మాట్లాడి తెలుసుకోవాలి. ఒకే జబ్బులో మందు, గుండె, టీకా, వీధి అన్నీ కలిసిపోతాయి.

అందుకే ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోయేవాళ్ళకి ఈ శాఖ సరిపడదు అంటాను. 2003 వేసవి చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకి మెదడువాపు వచ్చింది. జ్వరం, ఫిట్స్, కోమా, చాలామంది ఆసుపత్రిలో చేరిన ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. 329 మంది పిల్లలకి జబ్బు సోకితే 183 మంది చనిపోయారని పరిశోధకులు నమోదు చేశారు. అందరూ ముందు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. తేలింది చాందీపురా వైరస్. దాన్ని 1965లోనే నాగపూర్ దగ్గర చాందీపురా గ్రామంలో గుర్తించారు, కానీ అంతవరకూ అది పిల్లల్ని ఇంతగా చంపుతుందని ఎవరూ అనుకోలేదు. ఇసుక ఈగల వల్ల వ్యాపిస్తుంది. గోడల పగుళ్ళలో, పశువుల కొట్టాల దగ్గర ఉండే చిన్న ఈగలు అవి. 2024లో గుజరాత్‌లో మళ్ళీ వచ్చింది. వార్డులో ఉన్న డాక్టరు "ఇది మామూలుగా లేదు" అని గుర్తించి, వెన్ను నీరూ రక్తమూ సరిగ్గా దాచి, పుణె వైరాలజీ సంస్థకి పంపించే ఏర్పాటు చేయకపోతే ఇలాంటివి పేరు లేకుండానే వచ్చిపోతాయి.

క్షయ గురించి చెప్పకుండా పిల్లల ఇన్ఫెక్షన్ల గురించి మాట్లాడలేం. పిల్లలు కఫం ఉమ్మరు, మింగేస్తారు. అందుకే తెల్లవారుజామున, బిడ్డ లేచి ఏమీ తాగకముందే ముక్కులోంచి ట్యూబు వేసి కడుపులోని ద్రవం తీసి సీబీనాట్ అనే క్షయ పరీక్షకి పంపాలి. మీ చేత్తో మీరు తీయండి, హౌస్ సర్జన్‌కి వదలొద్దు. మూడేళ్ళ బిడ్డకి క్షయ ఉందంటే ఇంట్లో పెద్దవాళ్ళెవరికో ఉన్నట్టే. ఎన్నోసార్లు ఆ మనిషి దగ్గుతూ బిడ్డ మంచం పక్కనే కూర్చుని ఉంటారు. "తాతగారూ, ఈ దగ్గు ఎన్నాళ్ళనుంచి?" అని అడగడం కూడా పరీక్షే. కొన్నేళ్ళ కిందట షైన్ అనే పరిశోధన జరిగింది. తీవ్రత తక్కువగా ఉన్న పిల్లల క్షయకి ఆరు నెలల బదులు నాలుగు నెలల మందు సరిపోతుందని అందులో తేలింది. ఆఫ్రికా దేశాలతో పాటు మన దేశపు పిల్లలూ ఆ అధ్యయనంలో ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తన సిఫార్సుల్లో దాన్ని చేర్చింది. రెండు నెలల బిళ్ళల బాధ తప్పడం అంటే ఒక తల్లికి ఎంత ఊరటో ఆలోచించండి. పరిశోధన మీద ఆసక్తి ఉంటే ఈ శాఖలో మన ప్రాంతం నుంచి జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు కోకొల్లలు.

ఇన్ఫెక్షన్ కానివాటిని గుర్తించడం కూడా మన పనే. ఐదు రోజులకి మించి తగ్గని జ్వరం, ఎర్రటి కళ్ళు, పగిలిన పెదాలు, ఒళ్ళంతా దద్దుర్లు, వాచిన చేతులు ఉంటే అది కవాసాకి అనే, రక్తనాళాలు వాచే జబ్బు కావచ్చు. యాంటీబయాటిక్స్ మారుస్తూ కూర్చుంటే పది రోజుల గడువు దాటిపోతుంది. ఆ లోపు ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి గుండె రక్తనాళాలు ఉబ్బుతాయి. అలాగే బీసీజీ వేసిన చోట గడ్డ తగ్గకుండా చీము పట్టే బిడ్డ, ఏడాదిలో రెండోసారి కాలేయంలో చీముగడ్డ వచ్చిన బిడ్డ. వీళ్ళకి పుట్టుకతోనే రోగనిరోధక శక్తిలో లోపం ఉండవచ్చు. మేనరికపు పెళ్ళిళ్ళు ఉన్న మన దగ్గర ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. ఇమ్యునాలజీ చదవకుండా ఈ శాఖలో ముందుకు పోలేరు.

అమెరికా సంగతి. అక్కడ పీడియాట్రిక్స్ రెసిడెన్సీ మూడేళ్ళు, ఆపై పిల్లల ఇన్ఫెక్షన్ల ఫెలోషిప్ మూడేళ్ళు. అందులో పరిశోధనకి చాలా సమయం కేటాయిస్తారు. మీ ఎండీ అక్కడ లెక్కలోకి రాదు, రెసిడెన్సీ మళ్ళీ మొదటి నుంచి చేయాలి. అక్కడి లైసెన్సు పరీక్షల్లో స్టెప్ 1 2022 నుంచి పాస్-ఫెయిల్ మాత్రమే కాబట్టి స్టెప్ 2 మార్కుల బరువు పెరిగింది. ఈ ఫెలోషిప్ సీట్లు ఏటా చాలా ఖాళీగా మిగిలిపోతున్నాయి, కాబట్టి రెసిడెన్సీ దొరికితే సీటు గురించి పెద్దగా దిగులు అక్కర్లేదు. కానీ అవి ఎందుకు మిగులుతున్నాయో కూడా తెలుసుకోండి. మూడేళ్ళు ఎక్కువ చదివినా, మామూలు పిల్లల డాక్టరు కంటే జీవితకాల సంపాదన తక్కువగా ఉండే శాఖల్లో ఇది ఒకటి. జే-1 వీసా మీద వెళితే శిక్షణ అయ్యాక రెండేళ్ళు స్వదేశానికి రావాలి, లేదా వైద్యులు తక్కువగా ఉన్న ప్రాంతంలో పనిచేసి మినహాయింపు తెచ్చుకోవాలి. బ్రిటన్‌లో అయితే ఎంఆర్‌సీపీసీహెచ్ అనే పిల్లల వైద్య పరీక్ష రాసి, పిల్లల వైద్య శిక్షణలో చేరి, చివరి ఏళ్ళలో ఇమ్యునాలజీ, ఇన్ఫెక్షన్లు కలిపిన ఉపశాఖకి పోటీపడాలి. నా సలహా అడిగితే, అక్కడే స్థిరపడాలన్న కోరిక ఉంటేనే ఈ దారి పట్టండి. మన పిల్లల జబ్బులు నేర్చుకోవడానికే అయితే వెల్లూరులో మూడేళ్ళు ఎంతో మేలు.

డబ్బు గురించి దాపరికం లేకుండా చెబుతాను. ఈ శాఖలో చేత్తో చేసే ప్రొసీజర్లు లేవు. ఎండోస్కోపీ లేదు, క్యాథ్ ల్యాబ్ లేదు. మనం ఆపించిన మందు, తగ్గించిన ఐసీయూ రోజులు బిల్లులో కనపడవు. కాబట్టి కార్పొరేట్ ఆసుపత్రులు మొదట్లో "జనరల్ పీడియాట్రిక్స్ ఓపీ కూడా చూడండి" అంటాయి. చూడండి, తప్పేం లేదు. టీకాల క్లినిక్, జ్వరాల ఓపీ, ఇన్ఫెక్షన్ల కన్సల్టేషన్లు కలిపితే కుటుంబం హాయిగా గడుస్తుంది. నియోనేటాలజీ స్నేహితుడితో జీతం పోల్చుకుంటూ కూర్చునే స్వభావం ఉంటే మాత్రం ఇది వద్దు, రోజూ మనసు పాడవుతుంది.

పరిస్థితి మాత్రం మారుతోంది. ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు కావాలంటే ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ, యాంటీబయాటిక్ పాలసీ ఉండాలి. పిల్లల క్యాన్సర్ వార్డు, ఎముక మజ్జ మార్పిడి, పెద్ద ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) నడిపే చోట మనం లేకుండా పని సాగదు. ఉద్యోగానికి మాట్లాడేటప్పుడు ఆ కమిటీ బాధ్యత, దానికి విడిగా సమయం, దానికి జీతం కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద చేరితే అది అదనపు చాకిరీగా మిగిలిపోతుంది.

ఆసుపత్రి బయట కూడా దారులున్నాయి. హైదరాబాదు టీకాల నగరం. భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ, ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఇక్కడే ఉన్నాయి. రోటావైరస్ టీకా రోటావాక్‌కి మూలమైన వైరస్ రకం ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం నవజాత శిశువుల్లో గుర్తించినది. 2016లో ప్రభుత్వం రోటావైరస్ టీకాను సార్వత్రిక టీకాల్లో చేర్చినప్పుడు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇలాంటి పరీక్షల రూపకల్పనలో, భద్రత కమిటీల్లో పిల్లల ఇన్ఫెక్షన్లు తెలిసినవాళ్ళు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసర్లుగా చేరి పోలియో, తట్టు నిఘా చేసినవాళ్ళు నా స్నేహితుల్లో ఉన్నారు. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) నడిపే ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్ శిక్షణ కూడా పరిశీలించండి.

ఒక విషయం ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఉండదు. ఈ శాఖలో కొందరు పిల్లలు మీతో పాటు పెరుగుతారు. పుట్టుకతో హెచ్ఐవీ వచ్చిన పిల్లలు ఇప్పుడు రోజూ డోలుటెగ్రావిర్ (హెచ్ఐవీని అణిచే మందు) ఉన్న మందులు వేసుకుని బడికి, కాలేజీకి, ఉద్యోగాలకి వెళుతున్నారు. పదేళ్ళ వయసులో ఒకరోజు "నాకు జ్వరం లేదుగా, ఈ బిళ్ళ ఎందుకు?" అని అడుగుతారు. తల్లి మీ మొహం చూస్తుంది. ఆ రోజు వచ్చేదాకా ఆగకుండా, ఏడెనిమిదేళ్ళ నుంచే వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో కొంచెం కొంచెంగా చెప్పుకుంటూ రావాలి. కౌన్సెలర్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి, తల్లితో ముందు విడిగా మాట్లాడండి. అబద్ధం మాత్రం చెప్పకండి. పెద్దయ్యాక తెలిసినప్పుడు మందు మానేసేది అబద్ధం విన్న పిల్లలే.

చివరిగా, ఇంటికి జబ్బులు తెస్తావన్న మీ ఇంట్లోవాళ్ళ భయం. అది తీసిపారేయాల్సింది కాదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాక యాంటీబాడీ స్థాయి చూపించుకోండి, చాలామంది పీజీలు ఈ పరీక్ష చేయించుకోరు. తట్టు, ఆటలమ్మ రాకపోయి ఉంటే టీకా వేయించుకోండి. ఏటా ఫ్లూ టీకా. కంఠసర్పి వార్డులో పనిచేసేముందు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) బూస్టర్. క్షయ అనుమానం ఉన్న పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడు, కడుపు ద్రవం తీసేటప్పుడు ఎన్95 మాస్కు మీ ముక్కుకి సరిగ్గా అతికేది వేసుకోండి. వార్డులో చేతులు కడిగే అలవాటు మీకు ఉంటే ఇంటికి ప్రమాదం తగ్గుతుందని వాళ్ళకి చెప్పండి. ఈ టీకాల కార్డు కూడా చూపించండి. థీసిస్ అంశం ఇంకా ఖరారు కాకపోతే మీ ఎన్‌ఐసీయూలో గత రెండేళ్ళ బ్లడ్ కల్చర్లు, వాటికి ఏ మందులు పనిచేశాయి, ఏవి అనవసరంగా కొనసాగాయి అన్నదాని గురించి మీ గైడ్‌తో మాట్లాడండి. ఇప్పటికే ఖరారైపోయి ఉంటే అదే లెక్క విడిగా తీయండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ అడిగేది దాని గురించే.